200 కొర్రమీన్ల కంటే ముందు ఒక గ్లాసు మేత లెక్క

తమ్మీ, నువ్వు అడిగిందేంటో ముందు ఒకసారి చెప్తా, కొత్తగా చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. కాజీపేటలో పాతికేళ్ల కిందటి డాబా ఇల్లు. పైన 10 అడుగులకు 12 అడుగుల ఖాళీ జాగా. అక్కడ 1,000 లీటర్ల ట్యాంకు పెట్టి, 200 కొర్రమీను పిల్లలు వదిలి, ఆ నీళ్లతోనే కంకర తొట్లలో నలుగురికి సరిపడా కూరగాయలు పండించాలని నీ ఆలోచన. నీళ్లు బోరువి. మూడు నెలల్లో చేప కిలో తూగుతుందని ఏదో వీడియోలో చూశావు. ట్యాంకుకు రేపో ఎల్లుండో బయానా ఇవ్వబోతూ, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా అని రాశావు.

బయానా ఇవ్వకు. ఇంకో వారం ఆగు.

నేను హన్మకొండలో, వడ్డేపల్లి చెరువు వైపు ఉంటా. రైల్వేలో కరెంటు పని చేసి రిటైరైనోణ్ణి, చేపల చదువు చదవలేదు. 2017 నుంచి పెరట్లో ఒక 1,000 లీటర్ల ట్యాంకు, రెండు కంకర తొట్లు నడుపుతున్నా. అన్నా అన్నావు గనక చనువుగానే చెప్తా, రెండుసార్లు చేపల్ని చంపుకున్నాక వచ్చిన తెలివి ఇది.

ముందు డాబా సంగతి. లీటరు నీళ్లంటే కిలో. 1,000 లీటర్లంటే టన్ను, అదంతా చదరపు మీటరు పైచిలుకు జాగాలో కూర్చుంటుంది. కంకర ఇంకా గట్టిది. అడుగు లోతు తొట్టిలో చదరపు మీటరుకు 300 లీటర్ల కంకర పడుతుంది. ఎండుగా ఉన్నప్పుడే అది నాలుగున్నర క్వింటాళ్లు, నీళ్లు నిండితే ఇంకో క్వింటా పైన. ఇళ్ల డాబాలను మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు బరువు మోసే లెక్కతో కడతారు, అది కూడా అంతటా సమానంగా పరుచుకుంటేనే. నువ్వు అనుకుంటున్న ట్యాంకు, రెండు చదరపు మీటర్ల తొట్లు కలిపితే రెండు టన్నులు దాటుతుంది. కింద మీరు పడుకునే గది ఉంటుంది. ఇంజనీరు వచ్చి దూలాలు, పిల్లర్లు ఎక్కడున్నాయో చూసి సరే అంటే తప్ప పైన పెట్టకు. మేస్త్రీ "ఏం కాదు సార్" అంటాడు, ఆ మాట లెక్కలోకి రాదు. పెరట్లోనో, ఇంటి పక్క సందులోనో రోజుకు ఐదారు గంటలు ఎండ పడే జాగా ఉంటే నేల మీదే పెట్టుకో. నేల మీద ఇంకో లాభం ఉంది, ఎండాకాలం మాట వచ్చినప్పుడు చెప్తా.

ఇక అసలు లెక్క. అందరూ "ఎన్ని చేపలు వేయాలి" అని అడుగుతారు. నేనూ అదే అడిగా. అడగాల్సింది "రోజుకు ఎన్ని గ్రాముల మేత వేస్తాను" అని. చేపలు, మొక్కలు, నీళ్లు, కంకర అన్నిటికీ కొలబద్ద ఆ మేతే. చేప తిన్న మేతలోని మాంసకృత్తుల్లో కొంత ఒంటికి పడుతుంది, మిగతాది ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. కంకరకు అంటుకుని బతికే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ను మొక్క తాగుతుంది. మేత ఎక్కువైతే ముందు చేప పోతుంది, తక్కువైతే పాలకూర పాలిపోతుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న స్థాయి ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కలు పెంచే ఈ పద్ధతి) మీద వేసిన సాంకేతిక పత్రంలో ఈ లెక్క ఉంది. ఆకుకూరలకైతే చదరపు మీటరు తొట్టికి రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత, కాయలు కాసేవాటికైతే 50 నుంచి 80 గ్రాములు. ఇది నీ ఇంటికి వేసుకుందాం. రెండు చదరపు మీటర్ల తొట్టి, ఎక్కువగా ఆకుకూరలు. రోజుకు 100 గ్రాముల మేత. మా ఇంట్లో చాయ్ తాగే స్టీలు గ్లాసు నిండా తేలే మేత పోస్తే దాదాపు అంతే తూగుతుంది. కాస్త ఎదిగిన చేప రోజుకు తన బరువులో నూటికి రెండు వంతులు తింటుంది. అంటే 100 గ్రాములు తినడానికి కావాల్సింది మొత్తం 5 కిలోల చేప. రెండేసి వందల గ్రాములవైతే 25 చేపలు. అంతే తమ్మీ. నువ్వు 200 అన్నావు.

"పాతిక చేపలకేనా ఈ ఆరాటమంతా" అని మా ఇంటావిడ కూడా అన్నది. కానీ 200 కొర్రమీన్లు తలా అర కిలో అయితే 100 కిలోలు. మనలాంటివాళ్ల ఏర్పాట్లలో 1,000 లీటర్లకు 10 నుంచి 20 కిలోల చేప మించకూడదు. అంతకు మించి పెంచేవాళ్లకు మురికి తీసే ఫిల్టర్లు, ఆక్సిజన్ సిలిండర్లు, రాత్రి కాపలా ఉంటాయి. వీడియోలో చూపించింది అదే అయి ఉంటుంది, అవి ఉన్న మూలకు కెమెరా తిప్పి ఉండరు.

మొదటిసారి నేను ఈ లెక్క చూడలేదు. 2017 ఆషాఢంలో, తెలిసిన చేపలాయన దగ్గర 150 రవ్వ, బొచ్చె పిల్లలు తెచ్చా. ట్యాంకు నింపి, ఒక పూట నీళ్లు ఆగనిచ్చి వదిలేశా. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు మేత. పిల్లలు ఎగబడి తింటుంటే మా మనవడికి సంబరం, నాకు ఇంకా సంబరం. ఐదో రోజు సాయంత్రం అన్నీ నీటి అంచుకు వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలి అనుకుని ఇంకో గుప్పెడు వేశా! ఆరో రోజు తెల్లారి చూస్తే తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి, అడుగున పడిన పైసా బిళ్ల కూడా కనిపించేంత తేటగా. నీళ్లు తేటగా ఉంటే మంచివనే నమ్మకం ఆ రోజుతో పోయింది. చనిపోయిన చేపల్ని తీస్తే మొప్పలు ఎర్రగా ఉండాల్సినవి ముదురు గోధుమ రంగులో ఉన్నాయి.

తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. 32 శాతం మాంసకృత్తులున్న మేత 100 గ్రాములు వేస్తే దాదాపు 3 గ్రాముల అమ్మోనియా నైట్రోజన్ నీళ్లలో కలుస్తుంది. 1,000 లీటర్లలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు, ఒక్క రోజుకే. దాన్ని తినే బ్యాక్టీరియా ఇంకా పుట్టకముందే నేను విందు పెట్టా. పైగా నాది బోరు నీళ్లు, పీహెచ్ (నీళ్లు పులుపా క్షారమా చెప్పే అంకె, 7 అంటే మధ్యస్థం) 8 దాటి ఉంది. అమ్మోనియాలో చేపను చంపేది అయాను కాని భాగం, అంటే గ్యాసు రూపంలోనే నీళ్లలో కరిగి ఉండేది. నీళ్లు 30 డిగ్రీల వెచ్చగా ఉన్నప్పుడు పీహెచ్ 7 దగ్గర ఆ భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 దగ్గర ఏడున్నర వంతులు. 9 దగ్గర సగానికి కాస్త తక్కువ. అమ్మోనియా అంతే ఉన్నా, మన గ్రానైట్ నేలల బోరు నీళ్లలో దాని విషం పది రెట్లు.

కాబట్టి చేపల కంటే ముందు బ్యాక్టీరియాను పెంచాలి. ట్యాంకు, తొట్లు, పంపు అన్నీ బిగించి, చేపలు లేకుండా నీళ్లు తిప్పుతూ ఉండు. రోజూ చిటికెడు మేత పొడి చేసి వెయ్యి, కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కో: అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసేది. కాగితం పట్టీల మీద నాకు గురి లేదు. ముందు అమ్మోనియా ఎక్కుతుంది, నా కిట్‌లో గొట్టంలో నీళ్లు పసుపు నుంచి పాలకూర రసం రంగుకు తిరుగుతాయి. వారం, పది రోజులకు అది దిగుతూ నైట్రైట్ ఎక్కుతుంది. అది కూడా దిగి, ఇవ్వాళ వేసిన అమ్మోనియా రేపటికల్లా రెండు గొట్టాల్లోనూ సున్నా చూపించిన రోజు నీ ట్యాంకు తయారైనట్టు. మన వేడికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. చలికాలంలో మొదలుపెడితే ఇంకా ఎక్కువ. చేపలు వేశాక కూడా మొదటి నెల సగం మేతే.

నైట్రైట్ ఉన్నట్టుండి ఎక్కిందనుకో, వెయ్యి లీటర్లకు కిలో చొప్పున గల్లుప్పు కరిగించి పొయ్యి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల్లోకి నైట్రైట్ పోకుండా అడ్డం పడుతుంది. నా మొదటి చేపల మొప్పలు గోధుమ రంగులో ఉన్నది ఈ విషం కూడా తోడై ఉండొచ్చు, నైట్రైట్ ఎక్కితే రక్తం అలాగే రంగు మారుతుంది. కిలో ఉప్పుకు మన ఆకుకూరలు ఏమీ కావు, చిక్కుడు జాతి మాత్రం ముఖం ముడుచుకుంటుంది. మళ్లీ మళ్లీ పోయకు, ఉప్పు ఆవిరి కాదు.

నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, ఒక రోజంతా మూత తీసి గాలి బుడగలు వదిలితే పోతుంది. వాన నీళ్లు దొరికినప్పుడు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకో. బోరు నీళ్ల గట్టిదనాన్ని విరగ్గొట్టడానికి దానికి మించింది లేదు. నేను సగం బోరు, సగం వాన నీళ్లు కలుపుతా. ఎండాకాలం ఒక్కదానికే ఇబ్బంది: మే నెలలో రోజుకు బిందె, బిందెన్నర ఆవిరై పోతుంది, వాన నీళ్లు అయిపోయి ఉంటాయి, బోరుతోనే నింపాలి, నీళ్లు ఆవిరై సున్నం మిగులుతుంది. పీహెచ్ దించడానికి నిమ్మకాయలు పిండమని చెప్పేవాళ్లుంటారు. సాయంత్రానికి దిగుతుంది, మర్నాటికి మళ్లీ ఎక్కుతుంది, చేపకు ఆ ఊగిసలాటే ప్రాణం మీదికి వస్తుంది. ఓపిక పట్టు. ఆ బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ నీళ్లలోని క్షారాన్ని తింటుంది, నెలలు గడిచే కొద్దీ పీహెచ్ దానంతట అదే 7 వైపు వస్తుంది. నాకు రెండో ఏడు వానాకాలంలో 6 కిందికి కూడా పోయింది. అప్పుడు తడిపిన సున్నం చెంచాడు బకెట్లో కలిపి, తేరిన నీళ్లు రోజుకు కొంచెం పోసి లేపుకున్నా. 6.5 నుంచి 7 మధ్య ఉంటే చేప, మొక్క, బ్యాక్టీరియా ముగ్గురికీ రాజీ.

కంకర కొనేటప్పుడు ఒక్క పని చెయ్యి. జేబులో నిమ్మకాయ పెట్టుకుని పో. రాయి మీద రసం పిండితే బుసబుసమని నురగ వస్తే సున్నపురాయి కలిసింది, వద్దు, ఏడాదంతా పీహెచ్‌ను కిందికి రానివ్వదు. మన దగ్గర గ్రానైట్ కంకరకు కరువు లేదు, 20 ఎంఎం తీసుకో. క్రషర్ బూడిద పోయేదాకా కడుగు. నాలుగుసార్లు కడిగితే చాలనుకుంటావు, పదిసార్లు కడగాలి. నేను నాలుగుతో ఆపా, పంపు నెల తిరక్కుండానే జామైంది.

తొట్టి నిండడం, ఖాళీ కావడం కోసం అందరూ బెల్ సైఫన్ పెడతారు. నిలువు పైపు, దాని మీద బోర్లించిన లావు పైపు, కంకర రాకుండా బయట చిల్లుల పైపు. నీళ్లు అంచు దాటగానే గుటగుటమని మొత్తం ఒక్క పెట్టున దిగిపోతాయి, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పంపు నుంచి వచ్చే ధార కాస్త తగ్గితే సైఫన్ ఎత్తుకోదు, కాస్త పెరిగితే తెగదు. ఎటూ కాకుండా సన్నగా కారుతూనే ఉంటుంది, కంకర సగం తడి, సగం పొడి. నేను రెండు నెలలు ఆ పైపు కోస్తూ, అతికిస్తూ కూర్చున్నా. కొత్తగా పెట్టేవాడివి, నీకెందుకు ఆ లొల్లి. నిలువు పైపు అడుగున పావు అంగుళం చిల్లు పెట్టి, పంపుకు టైమర్ తగిలించు. 15 నిమిషాలు నడుపు, 45 నిమిషాలు ఆపు. నిండుతుంది, మెల్లగా దిగుతుంది. నీళ్లు కంకర పైఅంచుకు రెండు అంగుళాల కిందే ఆగాలి. పైన పొడిగా ఉంటే పాచి పట్టదు, దోమ గుడ్డు పెట్టదు. తొట్టిలో రెండు గుప్పిళ్ల ఎర్రలు వదులు. చేపల పెంటను అవే నమిలి పెడతాయి. రోజుకు 100 గ్రాముల మేతకు విడిగా ఫిల్టరు కూడా అక్కర్లేదు.

పాత ఐబీసీ ట్యాంకు (ఇనుప చట్రంలో వచ్చే 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు) కొంటే లోపల ఇంతకుముందు ఏం పోశారో అడుగు, లేబుల్ చింపేసి ఉంటే వదిలెయ్. తెల్ల ప్లాస్టిక్ గుండా వెలుతురు పోతే నీళ్లు పచ్చగా మారతాయి. బయట ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వెయ్యి.

ఇప్పుడు కొర్రమీను. మన రాష్ట్ర చేప, గంపలో పెట్టి అమ్మినా ప్రాణంతో ఉంటుంది, ధర కూడా ఆ గీర మీదే. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది గనక కరెంటు పోయినా చావదని అందరూ దానివైపే చూస్తారు. ఆ మాటలో ఒక మెలిక ఉంది. చేప చావదు, కంకరలోని బ్యాక్టీరియాకు మాత్రం నీళ్లు తిరుగుతుంటేనే పని. పంపు గంటల తరబడి ఆగితే ముందు ఆ పని ఆగిపోతుంది, చేప బతికి తింటూనే ఉంటుంది, మూడో నాటికి అమ్మోనియా ఎక్కి చేప కూడా పోతుంది. పైగా కొర్రమీను మాంసాహారి. చిన్నదాన్ని పెద్దది మింగేస్తుంది, రెండు వారాలకోసారి సైజులవారీగా ఏరి వేరు చేయాలి. దాని మేతలో 40 శాతం పైన మాంసకృత్తులుండాలి, అంటే అదే గ్లాసు మేతకు అమ్మోనియా ఎక్కువ. గుళిక మేతకు అలవాటు చేసిన పిల్లలే కొనాలి, చెరువులో పట్టినవి గుళిక ముట్టుకోవు. ఇంకోటి, ఎగురుతుంది. వల కప్పడం మరిచిన ఒక వాన రాత్రి నా కొర్రమీను ఒకటి తెల్లారేసరికి పన్నెండు అడుగుల దూరంలో బాత్రూం మెట్టు మీద దొరికింది, ఒళ్లంతా మట్టి, ప్రాణంతోనే. మూడు నెలల్లో కిలో అనేది మరిచిపో. నా ట్యాంకులో పది నెలలకు 600 గ్రాములు దాటింది ఒకటో రెండో.

రవ్వ, బొచ్చె చెరువు చేపలు, వాటికి ఈదే జాగా కావాలి, ట్యాంకులో ఎదగవు. మొదటి ఏడు జిలేబీ అని మనం పిలిచే తిలాపియా మంచిది. గుళిక తింటుంది, తిప్పలు ఓర్చుకుంటుంది, ఎనిమిది నెలలకు 400 గ్రాముల దాకా వస్తుంది. అన్నీ మగవే ఉండే పిల్లలు తీసుకో, లేకపోతే ట్యాంకు నిండా పిల్లలే. దీని పెంపకానికి ప్రభుత్వ నిబంధనలున్నాయి, జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి ఉన్న హేచరీ నుంచే తెచ్చుకో. ఒక్క పిల్లను కూడా మోరీలోకో చెరువులోకో వదలకు, అక్కడి మన చేపల తిండి లాగేస్తుంది. ఎవరైనా ఆఫ్రికా మార్పు (క్యాట్‌ఫిష్) పిల్లలు చవకని తెచ్చి ఇస్తామంటే తీసుకోకు, మన దేశంలో దాని పెంపకం నిషేధం.

ఎండాకాలం. ఇక్కడే మన దగ్గర ట్యాంకులు మూతపడతాయి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీలకు ఏడున్నరే. వేడికి చేప ఊపిరి ఎక్కువవుతుంది, నీళ్లలో ఊపిరి తక్కువవుతుంది. బయట 44 ఉన్న రోజు డాబా మీది ట్యాంకు సంగతి నువ్వే ఊహించుకో, కింద నుంచి స్లాబు సెగ కూడా తగులుతుంది. నేను ట్యాంకును సగం దాకా నేలలోకి దింపా. గడ్డపారతో మూడు రోజులు తవ్వించిన గుంత అది. పైన 50 శాతం నీడ ఇచ్చే పచ్చ వల. రోహిణి కార్తెలో కూడా నీళ్లు 33 దాటలేదు. నేల మీద పెట్టుకో అన్నది ఇందుకే. నీళ్లు 34 చూపిస్తే ఆ రోజు మేత బంద్. మిగతా ఎండాకాలం సగం మేత, పొద్దున ఏడున్నర ఎనిమిదికి. మరీ తెల్లారగట్ల వేయకు, రాత్రంతా ఊపిరి పీల్చి నీళ్లలో ఆక్సిజన్ అప్పుడే అన్నిటికంటే తక్కువ ఉంటుంది.

మృగశిరకు చేప తినాలని మనకో పట్టింపు ఉంది గదా. అందుకని అందరూ పెద్ద చేపల్ని జూన్ దాకా ఆపుతారు. అంటే ట్యాంకులో బరువు ఎక్కువ, నీళ్ల వేడి ఎక్కువ, కరెంటు నమ్మకం తక్కువ, మూడూ ఒకే నెలలో. నేను శ్రావణంలో పిల్లలు వేసి, ఉగాది దాటగానే పెద్దవి తీసేయడం మొదలుపెడతా. వారానికి రెండు, మూడు. మే వచ్చేసరికి ట్యాంకులో సగం కూడా ఉండవు. మృగశిర నాటి కూరకు నాలుగు మిగిలితే చాలు.

ఈ తెలివి 2019 మేలో వచ్చింది. పరకాలలో బంధువుల పెళ్లి, రాత్రి అక్కడే ఉన్నాం. గాలిదుమారం లేచి మా గల్లీలో కరెంటు పోయింది, తొమ్మిది గంటలు రాలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఎవరూ లేని ఇంట్లో ఫ్రిజ్ మీది చిన్న లైటును రాత్రంతా వెలిగించింది. గాలి పంపును దానికి కలపలేదు. 28 చేపల్లో 19 పోయాయి. ముప్పై ఏళ్లు కరెంటు పని చేసినోడి ఇంట్లో! ఆ వారమే 12 వోల్టుల బ్యాటరీ, దాని మీద నడిచే చిన్న గాలి పంపు, కరెంటు పోగానే దానంతట అదే మారే రిలే పెట్టా. గాలి పంపును నీటి మట్టం కంటే పైన పెట్టు. కింద ఉంటే ఆగినప్పుడు గొట్టంలో నుంచి నీళ్లు వెనక్కి వచ్చి దాన్ని ముంచేస్తాయి. నీళ్ల పంపును ట్యాంకు కింద ఆనించకుండా ఒక అడుగు ఎత్తులో వేలాడదియ్. ఎక్కడైనా పైపు ఊడినా ఆ అడుగు నీళ్లు చేపకు మిగులుతాయి.

మొక్కల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అవి మనకంటే తెలివైనవి. మొదటి ఆరు నెలలు ఆకుకూరలే: తోటకూర, బచ్చలి, పాలకూర, పుదీనా, పుంటికూర. గంగవాయిలి మనం వేయకున్నా వస్తుంది. పాలకూర ఎండాకాలం వద్దు, బచ్చలి, తోటకూర ఓర్చుకుంటాయి. చామగడ్డ ఈ నీళ్లలో పిచ్చిగా పెరుగుతుంది. టమాట, వంకాయ రెండో ఏడాది. వాటికి పొటాష్ కావాలి, చేప మేతలో అది తక్కువ.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. కొత్త ఆకులు పసుపు పచ్చగా వచ్చి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీసినట్టు ఉంటే నైట్రేట్ లోటు కాదు, ఇనుము లోటు. పాత ఆకులు ముందు పాలిపోతే అది నైట్రోజన్. నేను ఈ తేడా తెలియక మేత పెంచా, నీళ్లు చెడ్డాయి, ఆకు మారలేదు. చేప మేతలో ఇనుము చాలదు, పైగా గట్టి నీళ్లలో ఉన్నది కూడా తుప్పులా పేరుకుపోతుంది. అలా పేరుకోకుండా ఇనుమును పట్టి ఉంచే మందులతో కలిపి అమ్ముతారు. వాటిలో ఎరువుల దుకాణంలో చవగ్గా దొరికే ఈడీటీఏ ఇనుము పీహెచ్ ఆరున్నర దాటితే పనిచేయదు. డీటీపీఏ ఏడున్నర దాకా నిలుస్తుంది, మన బోరు నీళ్లకు ఈడీడీహెచ్‌ఏ ఇంకా మంచిది, నీళ్లు కొంచెం ఎర్రబడతాయి, భయపడకు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము పడేలా రెండు, మూడు వారాలకోసారి. ఐదో రోజుకు కొత్త ఆకు పచ్చగా విచ్చుకోవడం చూస్తావు.

పురుగు మందు మాట ఎత్తకు. వేపనూనె కూడా, మొక్కకు మంచిదే గానీ చేపకు విషం, సబ్బు నీళ్లూ అంతే. పేనుబంకను నీటి జల్లుతో కొట్టు, తెల్లదోమకు పసుపు అట్టలు కట్టు, గొంగళి పురుగులకు వాడే బీటీ పొడి (వాటిని చంపే ఒక బ్యాక్టీరియా పొడి) చేపను ఏమీ చేయదు. మిగతావి చేత్తో ఏరడమే, నాలుగు తట్టల మందమే కదా.

గిట్టుబాటు అడిగావు. నీళ్ల పంపు 40 వాట్లది, టైమర్ మీద రోజుకు పావు యూనిట్టు. గాలి పంపు 20 వాట్లది రోజంతా తిరిగితే అర యూనిట్టు. నెలకు 22, 23 యూనిట్లు. మేత నెలకు 3 కిలోలు. కిలోన్నర మేతకు కిలో చేప అని లెక్క, కానీ ఎండాకాలం ఆపేది, చలికాలం తిననిది, చచ్చినవి తీసేస్తే నాకు ఏడాదికి వచ్చేది 14, 15 కిలోలు. ఆకుకూరలు మాత్రం వానాకాలం నుంచి సంక్రాంతి దాటేదాకా కొననక్కర్లేదు, ఇరుగుపొరుగుకు కూడా ఇస్తాం. పెట్టుబడి పైసలు తిరిగి వచ్చాయా అంటే, మా ఇంటావిడను అడగకు. "గీ ట్యాంకుకు పెట్టిన పైసలతోని వారం వారం మటన్ తింటుంటిమి" అంటుంది, అని పుదీనా తెంపుకోవడానికి పోతుంది. అమ్మి సంపాదించాలని అయితే ఈ సైజులో పెట్టకు.

ఈ వారంలో చేయాల్సింది: మీ బోరు నీళ్లు బాటిల్లో పట్టి పీహెచ్ చూడు. పట్టిన వెంటనే ఒకసారి, రాత్రంతా గాలి తగిలేలా గిన్నెలో ఉంచి పొద్దున ఇంకోసారి. బోరు నీళ్లు రాగానే తక్కువ చూపించి, తర్వాత ఎక్కుతాయి, రెండోదే నిజం. పెరట్లో ఎండ ఏ గంట నుంచి ఏ గంట దాకా పడుతుందో రాసుకుని, ఆ పీహెచ్ అంకెలు, ఎండ గంటలు ఇక్కడ పెట్టు. ట్యాంకు, తొట్లు బిగించాక చెప్పు, నా పాత తొట్టిలోంచి ఒక బకెట్ కంకర ఇస్తా, ఐదు వారాల పని రెండు వారాల్లో అవుతుంది. తీసుకుపోవడానికి తడి గోనెసంచి తెచ్చుకో. దారిలో ఆరనివ్వకు, ఇంటికి పోయాక శుభ్రంగా ఉండాలని నల్లా కింద కడగకు. ఆ జిగటలోనే ఉంది సరుకంతా.